మోసగాడి కథ రాసేవారు ముందుగా ఎవరిని రాయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ముందు చెబుతాను. తెలివైన మోసగాణ్ణి కథానాయకుడిగా పెట్టి మీరు ఎనిమిది భాగాల వెబ్ సిరీస్ రాస్తున్నారు. ‘వైట్ కాలర్’, ‘లూపిన్’, ‘మనీ హైస్ట్’ చూసిన ఉత్సాహంతో మొదలుపెట్టారు. తొలి మూడు భాగాలు చదివినవారు మాత్రం ఎత్తులు బాగున్నాయి గానీ హీరో మీద ఇష్టం కలగడం లేదని అంటున్నారు. అతని మాటల్లో చమత్కారం పెంచాలా, బాల్యంలో కష్టాలు పెట్టాలా, ఇంకా ఏయే సిరీస్‌లు చూడాలి, చివరికి అతను పట్టుబడాలా వద్దా అని అడిగారు.

సూటిగా చెబుతాను. హీరోను ప్రస్తుతానికి కదపకండి. అతనికి ఎదురుగా నిలబడ్డ మనిషిని మళ్ళీ రాయండి. ఆ మనిషి వెంటాడే పోలీసు అధికారి కావచ్చు, మోసపోయిన వ్యక్తి కావచ్చు, గుట్టు తవ్వే విలేకరి కావచ్చు. మోసగాడి మీద ప్రేక్షకుడికి కలిగే ఇష్టం చాలావరకు ఆ ఎదుటి మనిషి కళ్ళలోంచే వస్తుంది. పదిహేడేళ్ళుగా హైదరాబాదులో సీరియళ్ళకు, తరువాత వెబ్ సిరీస్‌లకు కథా చర్చల్లో కూర్చుంటూ, సంభాషణలు రాస్తూ, కొన్ని నేర కథలను స్వయంగా చెడగొట్టుకుని మరీ నేను నేర్చుకున్న విషయం ఇది.

‘వైట్ కాలర్’నే తీసుకుందాం. 2009 అక్టోబరులో అమెరికాలోని యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో మొదలై 2014 డిసెంబరు వరకు ఆరు సీజన్లు నడిచిన సిరీస్ అది. మోసగాడు నీల్ కాఫ్రీగా నటించిన మాట్ బోమర్ అందం గురించి, సూట్ల గురించి, టోపీ గురించి అందరూ మాట్లాడుతారు. మొదటి భాగాన్ని మరొకసారి కాగితం, కలం పట్టుకుని చూడండి. నాలుగేళ్ళ శిక్షలో నాలుగు నెలలు కూడా మిగలని సమయంలో నీల్ జైలు నుంచి తప్పించుకుంటాడు. అతణ్ణి పట్టుకోవడానికి ఎఫ్‌బీఐ అధికారి పీటర్ బర్క్‌ను పిలుస్తారు, ఎందుకంటే అంతకు ముందు అతణ్ణి పట్టుకోగలిగినవాడు పీటర్ ఒక్కడే. ఈ చిన్న సమాచారంతోనే ఇద్దరి స్థాయీ స్థిరపడిపోయింది. పీటర్ వెతుక్కుంటూ వెళ్ళేసరికి నీల్ ప్రేయసి వదిలి వెళ్ళిన ఖాళీ ఇంట్లో నేల మీద కూర్చుని ఉంటాడు. అక్కడ తుపాకీ పేలదు, పరుగు పందెం జరగదు. పాత పరిచయస్తులు ఇద్దరు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. పీటర్ కోటు మీద అంటుకున్న ఒక సన్నని పోగును చూసి, అది కెనడా కొత్త వంద డాలర్ల నోటులోని భద్రతా పోగు అని నీల్ చెబుతాడు. ఆ కేసు మీద పీటర్ బృందం అప్పటికే తల బద్దలు కొట్టుకుంటోంది.

ఆ తరువాత నీల్ కాలికి ట్రాకర్ కట్టుకుని, రెండు మైళ్ళ పరిధి దాటకుండా, పీటర్ కింద పని చేసే ఒప్పందం కుదురుతుంది. ప్రభుత్వం అతనికి నెలకు ఏడు వందల డాలర్లలో ఒక నాసిరకం హోటల్ గది చూపిస్తుంది. మరునాడు ఉదయం పీటర్ వచ్చేసరికి నీల్ ఒక సంపన్న వృద్ధురాలి భవనం మీద, నగరమంతా కనబడే డాబా మీద, పట్టు గౌను వేసుకుని కాఫీ తాగుతుంటాడు. ఆ దృశ్యంలో దర్శకుడు ఎక్కువగా ఎవరి ముఖం మీద ఆధారపడ్డాడో గమనించండి. పీటర్ ముఖంలో కోపం ఉంది, అసూయ ఉంది, ఒప్పుకోలేని ముచ్చట ఉంది. ఏళ్ళ తరబడి నిజాయితీగా ఉద్యోగం చేసి సాధారణంగా బతుకుతున్న మనిషి ముఖం అది, అంటే ప్రేక్షకుడి ముఖం. పీటర్‌ను ఆ భాగంలోంచి తీసేసి చూడండి, పరాయి సొమ్ముతో షోకు చేసే మనిషి ఒక్కడు మిగులుతాడు. మీ కథలో ఇప్పుడు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఈ సూత్రం విదేశాల నుంచి మనం తెచ్చుకోవలసినదేమీ కాదు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో మూడవ అంకం చదవండి. శర్విలకుడనే బ్రాహ్మణుడు, తాను ప్రేమించిన మదనిక అనే దాసిని విడిపించడానికి డబ్బు కావలసి, చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. గోడ ఎటువంటిదో చూసుకుని, కన్నం పద్మం ఆకారంలో ఉండాలా, చంద్రవంక ఆకారంలో ఉండాలా అని ఆలోచించి, ఇటుక గోడకు పూర్ణకుంభమే శోభ అని నిర్ణయించుకుంటాడు. కొలత తాడు మరచిపోయి జంధ్యంతో కొలుచుకుంటాడు. ఇంతవరకు దొంగ నేర్పరితనమే. అసలు ఘట్టం తరువాత వస్తుంది. తెల్లవారి లేచిన చారుదత్తుడు ఆ కన్నాన్ని చూసి ఎంత అందంగా ఉందో అని మెచ్చుకుంటాడు. తన ఇంట్లో దోచుకోవడానికేమీ లేదు కనుక పాపం దొంగ నిరాశతో వెళ్ళి ఉంటాడని బాధపడతాడు. నగలు పోయాయని తెలిశాక, అవి తన ప్రేయసి వసంతసేన దాచుకోమని ఇచ్చినవని గుర్తుకు వచ్చి కుప్పకూలిపోతాడు. శర్విలకుణ్ణి మనం ఇష్టపడతాం, ఎందుకంటే చారుదత్తుడు ఇష్టపడ్డాడు. శర్విలకుడు చేసినది తప్పని కూడా మనకు తెలుస్తుంది, ఎందుకంటే చారుదత్తుడు కూలిపోయాడు. ఒకే మనిషి ముఖం మీద రెండు భావాలనూ ఒకదాని వెంట ఒకటి నడిపించిన ఆ ఘట్టాన్ని నేను ప్రతి కొత్త రచయిత చేతా చదివిస్తాను.

ఫ్రాన్సులో మారిస్ లెబ్లాన్ అనే రచయిత 1905లో ఆర్సేన్ లూపిన్ అనే దొంగ పాత్రను మొదలుపెట్టిన తీరు కూడా చూడండి. మొట్టమొదటి కథలోనే లూపిన్ అరెస్టవుతాడు. ఓడ దిగే చోట గానిమార్ అనే వృద్ధ డిటెక్టివ్ అతని కోసం కాచుకుని ఉంటాడు. నాయకుడి గొప్పతనం చూపించవలసిన మొదటి కథలో అతణ్ణి ఓడించడానికి ఎంతో ధైర్యం కావాలి. ఆ ఓటమి వల్లనే తరువాతి కథల్లో లూపిన్ తప్పించుకున్న ప్రతిసారీ విలువ పెరిగింది.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక సీరియల్‌లో కాలనీలో చీటీలు నడిపే స్త్రీ పాత్ర రాశాను. అందరినీ వదినా, పిన్నీ అని పిలుస్తుంది, ఎవరింట్లో శుభకార్యమైనా ముందు తనే నడుం కడుతుంది, ఒకనాడు చీటీ డబ్బంతా మూటగట్టుకుని రాత్రికి రాత్రి మాయమవుతుంది. నటించినామె ఎంతో ప్రతిభావంతురాలు. సంభాషణల కోసం నేను పడ్డ శ్రమకు లెక్కలేదు. అయినా ఇరవై భాగాల పాటు ప్రేక్షకులు ఆమెకు ఎప్పుడు శిక్ష పడుతుందా అని మాత్రమే ఎదురుచూశారు. ఆమె తెర మీద కనబడితే వారికి విసుగు. నేను చేసిన తప్పు ఏమిటంటే, మోసపోయినవారందరినీ ఒక గుంపుగా రాశాను. గేటు ముందు చేరి అరిచేవారు, శాపనార్థాలు పెట్టేవారు, పోలీస్ స్టేషన్‌కు నడిచేవారు. వారిలో ఒక్కరికి కూడా పేరు పెట్టలేదు.

తరువాత ఒక దృశ్యం చేర్చాను. కూతురి పెళ్ళి కోసం చీటీ కట్టిన ఒక దర్జీ స్త్రీ, పోలీసుల వెంట ఆ ఖాళీ ఇంటికి వస్తుంది. అందరూ అల్మరాలు వెతుకుతుంటే, ఆమె దండెం మీద మిగిలిపోయిన ఒక చీరను తీసి, అలవాటు చొప్పున మడత పెడుతుంది. ‘నాకు ఆపరేషనైనప్పుడు రాత్రంతా ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నది ఈవిడేనయ్యా. అది కూడా అబద్ధమేనా?’ అని కానిస్టేబుల్‌ను అడుగుతుంది. కానిస్టేబుల్ దగ్గర సమాధానం లేదు, నా దగ్గర కూడా లేదు. ఆ వారం నుంచి ప్రేక్షకులు ఆ మోసగత్తె గురించి మాట్లాడుకునే తీరే మారిపోయింది. ఆమె నిజంగా ఎటువంటిదో తెలుసుకోవాలన్న కోరిక వారికి అప్పుడు పుట్టింది. నేను ఆ పాత్ర సంభాషణల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఎత్తులు బాగున్నాయని మీ పాఠకులు అన్నారు కనుక ఆ విషయం క్లుప్తంగా చెబుతాను. దొంగతనానికీ మోసానికీ ఉన్న తేడాను మన భాష చక్కగా పట్టుకుంది. దొంగతనానికి కన్నం వేయడం అంటాం, అంటే నిద్రపోతున్నవాడి గోడకు రంధ్రం పెట్టడం. మోసానికి శఠగోపం పెట్టడం అంటాం. గుడిలో పూజారి శఠగోపం పెట్టాలంటే భక్తుడు తనంతట తానే తల వంచాలి. మీ కథలో మోసపోయేవాడు తల వంచే క్షణం ఏది? ఆ క్షణం స్పష్టంగా లేకపోతే అది మోసం కథగా నిలబడదు, ఎంత గొప్ప ఎత్తైనా దొంగతనంగానే మిగులుతుంది.

దీన్ని నేర్చుకోవడానికి ‘హసిల్’ను మించిన పాఠం నాకు తెలియదు. 2004 నుంచి 2012 వరకు బీబీసీ వన్‌లో ఎనిమిది సీజన్లు, మొత్తం నలభై ఎనిమిది భాగాలు వచ్చింది. టోనీ జోర్డన్ సృష్టి. లండన్‌లో ఒక మోసగాళ్ళ ముఠా కథ. నిజాయితీపరుణ్ణి మోసగించడం సాధ్యం కాదన్నది వారి నమ్మకం, అత్యాశ ఉన్నవాడే వారి లక్ష్యం. రాబర్ట్ వాన్ పోషించిన ఆల్బర్ట్ అనే పెద్దాయన పని కేవలం సరైన మనిషిని వెతికి వల దగ్గరికి నడిపించుకు రావడం. తరువాత అతనికి కొద్దిపాటి లాభం రుచి చూపిస్తారు, అడ్డదారిలో ఇంకా ఎక్కువ వస్తుందని ఆశ పెడతారు, అప్పుడు అతనే బతిమాలి డబ్బు తెచ్చి ఇస్తాడు. అక్కడక్కడ కాలం స్తంభించి, పాత్రలు నేరుగా ప్రేక్షకుడి వైపు తిరిగి మాట్లాడుతాయి. ముఠాలో తనకూ చోటు దొరికిందన్న భావన దానివల్ల ప్రేక్షకుడికి కలుగుతుంది. ఆ తరువాత చివరి మలుపులో ఆ ముఠా ప్రేక్షకుణ్ణి కూడా బోల్తా కొట్టిస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి ఎంతో ముఖ్యం. అన్నీ ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుంది, అన్నీ దాచిపెడితే ప్రేక్షకుడికి తననే వెర్రివాణ్ణి చేశారన్న కినుక మిగులుతుంది. నేనైతే మూడు వంతులు చెప్పి ఒక వంతు దాస్తాను.

అయితే నిజాయితీపరుణ్ణి మోసగించలేమన్న ఆ మాటను మీ కథలో ఒక పాత్ర నమ్మకంగా వాడండి గానీ, రచయితగా మీరు నమ్మవద్దు. అది నిజం కాదు. ఒక కథ కోసం, ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజిన కేసులో నష్టపోయిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి రెండు రోజుల పాటు కలిశాను. ఆయనలో అత్యాశ ఇసుమంత కూడా లేదు. చట్టమంటే గౌరవం ఉంది, భయం ఉంది, ఆ రెండే ఆయనను ముంచాయి. మొదటి రోజు పోయిన మొత్తం ఎంతో ఏమీ దాచకుండా చెప్పారు. రెండవ రోజు వెళ్ళబోతుంటే ఆపి, భార్యకు కూడా చెప్పని ఒక విషయం చెప్పారు. చివరి వాయిదా పంపిన తరువాత, ‘మీ పేరు కేసులోంచి తీసేశాం’ అన్న ఆ గొంతుకు ఆయన చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పారట. డబ్బు కన్నా ఆ నమస్కారమే ఆయనను దహించివేస్తోంది. ఇటువంటి విషయం ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉండదు. బాధితులను కలిసినప్పుడు వారి అనుమతి లేకుండా, గుర్తుపట్టే ఆనవాళ్ళు మార్చకుండా ఏదీ రాయకండి. నేను ఆయన ఘట్టాన్ని ఇంతవరకు ఏ కథలోనూ వాడలేదు, ఇక్కడ కూడా ఆయన అనుమతితో వివరాలు మార్చి చెబుతున్నాను.

మిగిలిన సిరీస్‌ల విషయానికి వస్తే, ‘లూపిన్’ను మీరు వేషాల కోసం చూసి ఉంటారు, మళ్ళీ చూసేటప్పుడు ఆ వేషాలు ఎందుకు పనిచేస్తున్నాయో చూడండి. 2021 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆ సిరీస్‌లో ఒమర్ సీ పోషించిన అసాన్ డియోప్, సెనెగల్ నుంచి పారిస్‌కు వలస వచ్చిన ఒక డ్రైవర్ కొడుకు. ధనవంతుడైన యజమాని దొంగతనం అంటగట్టడంతో తండ్రి జైలు పాలై అక్కడే ప్రాణం కోల్పోతాడు. అసాన్ పారిశుధ్య కార్మికుడి దుస్తుల్లో లూవ్ర్ మ్యూజియంలోకి వెళితే ఎవరూ ముఖం చూడరు. ఊడ్చేవారి ముఖం ఎవరూ చూడరన్నదే అతని అసలైన మారువేషం. మీరు బాల్యంలో కష్టాలు పెట్టాలా అని అడిగారు కదా, జవాబు ఇక్కడ ఉంది. గతంలోని గాయం హీరో ఇప్పుడు చేసే పనికి పనిముట్టుగా మారితే పెట్టండి. జాలి పుట్టించడానికి మాత్రమే అయితే వద్దు. పోలీసుల్లో ఈ దొంగ లూపిన్ పుస్తకాల ప్రకారం నడుస్తున్నాడని కనిపెట్టేది యూసఫ్ గెదిరా అనే ఒకే ఒక అధికారి, అతని మాట పై అధికారులు వినరు. తన దొంగను అర్థం చేసుకున్న ఏకైక పాఠకుడు అతను. ఈ జత కూడా మీకు పనికొస్తుంది.

‘మనీ హైస్ట్’ మీకు తెలిసినదే కనుక ఒక్క మాటతో సరిపెడతాను. దొంగల నాయకుడు ప్రొఫెసర్ ఫోన్‌లో ఇన్‌స్పెక్టర్ రాకెల్‌తో బేరమాడుతూనే బయట ఆమెకు అపరిచితుడిగా ఎదురుపడకపోయి ఉంటే, ఆ నోట్ల ముద్రణాలయంలో జరిగేదంతా లెక్కల పుస్తకంలా ఉండేది. దొంగల ముఠా కథ అయిన ‘లెవరేజ్’ను పాత్రల పని విభజన కోసం చూడవచ్చు; దొంగతనపు మెలకువల కోసం జేబులు కొట్టే విద్యను వేదిక మీద ప్రదర్శించే అపోలో రాబిన్స్‌ను సలహాదారుగా పెట్టుకున్నారు, ఆ శ్రద్ధ తెర మీద కనబడుతుంది. అందులో ప్రతి భాగంలోనూ దుర్మార్గుడైన ఒక ధనవంతుణ్ణి దెబ్బ కొడతారు కనుక ప్రేక్షకుడి మనసులో సందేహానికి తావుండదు. ఎనిమిది భాగాల ఒకే కథలో ఆ సౌకర్యం మీకు దొరకదు.

మన దేశపు కథల్లో ‘స్కామ్ 1992’ను తప్పకుండా అధ్యయనం చేయండి. 2020 అక్టోబరులో సోనీ లివ్‌లో పది భాగాలుగా వచ్చింది. ప్రతీక్ గాంధీ నటన గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా చేతిలో ఆయుధం బ్యాంక్ రసీదు అనే ఒక కాగితం. ప్రభుత్వ సెక్యూరిటీలు, అంటే రుణపత్రాలు, చేతులు మారినట్టు బ్యాంకులు ఇచ్చుకునే ఆ రసీదు వెనుక, కొన్నిసార్లు సెక్యూరిటీలే లేవు, ఆ డబ్బు స్టాక్ మార్కెట్‌కు పారింది. ఇంత పొడి విషయాన్ని దర్శకుడు హన్సల్ మెహతా ఉత్కంఠగా చెప్పగలిగింది, పాత్రికేయురాలు సుచేతా దలాల్ పాత్ర ఉండబట్టే. ఆమెకు అర్థమవుతున్న క్రమంలోనే మనకూ అర్థమవుతుంది. ఆమె మొదట అతణ్ణి చూసి కొంత ఆశ్చర్యపోతుంది, తరువాత అనుమానిస్తుంది; మనమూ అంతే.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన మన రాజ్, డీకేలు తీసిన ‘ఫర్జీ’లో దొంగనోట్లు గీసే సన్నీని ఇష్టపడేలా చేసేది అతని తాతయ్య. అప్పుల్లో మునిగిన పత్రికను వదలని ఆ పెద్దాయన కళ్ళలో మనవడు పడిపోతాడేమోనన్న భయమే ఆ సిరీస్‌కు ఊపిరి. దీనికి పూర్తి విరుద్ధంగా ‘జామ్‌తారా’లో ఫోన్ మోసాలు చేసే కుర్రవాళ్ళు మనసు దోచుకోరు, దోచుకోవాలని దర్శకుడు అనుకోలేదు కూడా. అక్కడ బాధితులు ఎక్కువగా ఫోన్‌లో వినబడే గొంతులు. ఎదుటి ముఖం లేకపోతే మోసగాడి ఆకర్షణ ఎలా ఆవిరైపోతుందో తెలుసుకోవడానికి అది చూడండి.

పనికొచ్చే కొన్ని జాగ్రత్తలు కూడా చెబుతాను. మీ కథ 2024 జూలై 1 తరువాత జరుగుతుంటే ఎఫ్‌ఐఆర్‌లో 420 అని రాయకండి. అప్పటి నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది, మోసం అందులో 318వ సెక్షన్. పాత్రలు మాత్రం ఫోర్ ట్వంటీ అనే మాటను వాడుతూనే ఉంటాయి, జనం నోట్లోంచి అది పోలేదు. అలాగే మోసం పద్ధతిని ప్రేక్షకుడికి అర్థమయ్యేంత చూపించండి, ఇంటికి వెళ్ళి చేసి చూసేంత చూపించకండి. నేను ప్రతి ఎత్తులోనూ ఒక కీలకమైన మెట్టును కావాలనే తప్పుగా రాస్తాను. కథకు దానివల్ల లోటు రాలేదు. సంభాషణల్లో కుచ్చుటోపీ, పంగనామం, బురిడీ వంటి మాటలు మోసపోయినవారి నోట పెట్టకండి. ఆ మాటల్లో నవ్వు ఉంది, అది చూసేవారి నవ్వు. మోసపోయిన మనిషి ‘నమ్మాను’ అంటాడు, అంతకు మించి చాలాసేపు ఏమీ అనలేడు.

ఇక చివరి ప్రశ్న, పట్టుబడాలా వద్దా అన్నది. ఏడవ భాగం రాసేవరకు దాన్ని నిర్ణయించకండి. మీ సారాంశంలో ఒక సహకార బ్యాంకు గుమాస్తా ఉన్నాడు, మొదటి భాగంలో రెండు దృశ్యాల్లో కనబడి, హీరో వల్ల సస్పెండై తెరమరుగవుతాడు. నా దృష్టిలో మీ ఎదుటి మనిషి అతనే. అతణ్ణి రెండవ భాగంలోకి తిరిగి తీసుకురండి. హీరో సంతకాన్ని గుర్తుపట్టగలిగినవాడు అతనొక్కడే అయ్యేలా చేయండి, హీరో అతనికి గతంలో ఒకసారి నిజమైన మేలు చేసి ఉండాలి. ఆ ఇద్దరూ మళ్ళీ ఎదురుపడే దృశ్యాన్ని మిగిలిన భాగాలకన్నా ముందు రాసి, ఇదివరకు చదివిన ఆ స్నేహితులకే చదివి వినిపించండి.